మారే శీతోష్ణస్థితి - వన్యప్రాణుల మనుగడ: రామగుండం బొగ్గులోయ చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

శీతోష్ణస్థితి మారినప్పుడు వన్యప్రాణులు ఎలా తట్టుకుంటాయన్న ప్రశ్నకు జీవశాస్త్రం ఇచ్చే సమాధానం ప్రాణి శరీరంతో, ప్రవర్తనతో మొదలవుతుంది. చరిత్ర ఇచ్చే సమాధానం నేలతో మొదలవుతుంది. ప్రాణహిత - గోదావరి లోయలోని రామగుండం, గోదావరిఖని పరిసరాలను ఆధారంగా తీసుకొని ఈ వ్యాసం ఆ రెండో సమాధానాన్ని పరిశీలిస్తుంది. ఈ లోయ శిలాపొరల్లో పూర్వపు శీతోష్ణస్థితి మార్పుల సాక్ష్యం ఉంది. దక్కనులో చాలా క్షీరదాలు గత 2 లక్షల ఏళ్ళ మార్పులను దాటి బతికాయని బిల్లసుర్గం గుహల తవ్వకాలు చూపాయి. ఆ మనుగడకు ఆధారం ప్రాణుల ఓర్పు ఒక్కటే కాదనీ, ఒక ఆవాసం నుంచి మరొక ఆవాసానికి తెగకుండా సాగిన దారి కూడా అనీ, గత నూటయాభై ఏళ్ళలో బొగ్గులోయలో తెగినది ఆ దారేననీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ప్రాణహిత - గోదావరి లోయ, సింగరేణి, శీతోష్ణస్థితి మార్పు, శిలాజాలు, శివారం అభయారణ్యం, మగ్గర్ మొసలి, కవ్వాల్, వన్యప్రాణి దారులు.

1. ప్రవేశిక

రామగుండం తెలంగాణలో అత్యధిక ఉష్ణోగ్రతలు నమోదయ్యే పట్టణాల్లో ఒకటి. మే నెలలో ఇక్కడ పాదరసం 45 డిగ్రీల సెల్సియస్ దాటడం కొత్త కాదు. 1901 - 2018 మధ్య భారతదేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగిందని కేంద్ర భూవిజ్ఞానశాస్త్ర మంత్రిత్వశాఖ 2020లో వెలువరించిన శీతోష్ణస్థితి అంచనా పేర్కొన్నది. ఈ పెరుగుదలకు ప్రధాన కారణం బొగ్గు, చమురు వంటి శిలాజ ఇంధనాల దహనం. ఆ బొగ్గును దక్షిణ భారతానికి అందిస్తున్న ప్రాంతమూ ఇదే. కారణమూ ఫలితమూ ఒకేచోట కనిపించే నేల కనుక శీతోష్ణస్థితి చరిత్రకు రామగుండం తగిన అధ్యయనక్షేత్రం.

తెలుగులో సింగరేణి చరిత్రరచన ప్రధానంగా కార్మికుల చరిత్రగా సాగింది. గనుల ప్రమాదాలు, సమ్మెలు, సంఘాలు, బొగ్గుబాయి బతుకు చుట్టూ విలువైన కృషి జరిగింది. ఆ లోయలో మనుషులతో పాటు బతికిన ఇతర ప్రాణుల చరిత్రకు దక్కిన చోటు తక్కువ. వన్యప్రాణులు రాతపత్రాలు వదలవు. వాటి చరిత్రకు ఆధారాలు శిలాజాలు, గుహల్లోని ఎముకలు, అభయారణ్యాల ప్రకటనలు, క్షేత్ర అధ్యయనాలు. వీటిని ఒకే వరుసలో పెట్టి చదవడం ఈ పరిశీలన పద్ధతి.

'అనుకూలత' అన్న మాటను ఇక్కడ మూడు అర్థాల్లో గ్రహించాలి. మొదటిది ప్రవర్తనలో మార్పు: తిరిగే వేళ, దాక్కునే చోటు, గుడ్లు పెట్టే కాలం మార్చుకోవడం. రెండోది స్థానచలనం: తగిన తేమ, నీడ, ఆహారం ఉన్న చోటికి తరలిపోవడం. మూడోది తరతరాల మీద శరీరధర్మంలో వచ్చే పరిణామం. మొదటిదానికి రోజులు చాలు, రెండోదానికి దారి కావాలి, మూడోదానికి కాలం కావాలి. శీతోష్ణస్థితి వేగంగా మారినకొద్దీ మూడోదానికి అవకాశం సన్నగిల్లి, భారం మొదటి రెండింటి మీద పడుతుంది.

2. శిలాపొరల్లో శీతోష్ణస్థితి

ప్రాణహిత - గోదావరి లోయ వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సాగే పొడవైన భూపగులు లోయ. దీని అడుగు పొరలైన తాల్చీరు శిలల్లో హిమానీనదాలు మోసుకొచ్చిన గుండ్రాళ్ళు ఉన్నాయి. అవి సుమారు 30 కోట్ల ఏళ్ళ నాటివి. అప్పుడు ఈ నేల గోండ్వానా మహాఖండంలో భాగంగా దక్షిణార్ధగోళపు శీతలప్రాంతంలో ఉండేది. మంచు కరిగాక చిత్తడి అడవులు పెరిగాయి. నాలుక ఆకారపు ఆకులున్న గ్లోసోప్టెరిస్ చెట్లు ఆ అడవుల్లో ప్రధానమైనవి. ఆ వృక్షసంపదే బరాకర్ పొరల్లో బొగ్గుగా మారింది. గోదావరిఖని బాయిల్లో తవ్వుతున్నది మంచుయుగం ముగిశాక మొలిచిన అడవి అవశేషాలను.

బొగ్గుపొరల మీద కాలక్రమంలో ఎర్రమట్టి రాళ్ళు, ఇసుకరాళ్ళు పేరుకున్నాయి. భూవిజ్ఞానులు వాటికి ఇక్కడి పల్లెల పేర్లే పెట్టారు: ఎర్రపల్లి, భీమారం, మలేరి, ధర్మారం, కోట. మలేరి ఎర్రమట్టి పొరలు వానకాలం, ఎండకాలం స్పష్టంగా వేరుపడిన శీతోష్ణస్థితిలో ఏర్పడ్డాయి. 19వ శతాబ్ది మధ్యలో నాగపూరులో ఉన్న మిషనరీ స్టీఫెన్ హిస్లాప్ కృషితో మలేరి శిలాజాలు శాస్త్రలోకం దృష్టికి వచ్చాయి. వాటిలో ఊపిరితిత్తుల చేప సెరటోడస్ దంతాలు ఉన్నాయి. మొసలిని పోలిన రూపం గల పారాసూకస్ హిస్లోపి అనే సరీసృపానికి ఆయన పేరే నిలిచింది. 1950ల చివరి నుంచి భారతీయ గణాంక సంస్థ పరిశోధకులు ఈ లోయలో విస్తృతంగా తవ్వకాలు జరిపారు. కోట పొరల్లో దొరికిన బరపాసారస్ టాగోరి డైనోసారు, యామన్‌పల్లి వద్ద దొరికి 1988లో నామకరణం పొందిన కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ ఈ లోయకు ప్రపంచఖ్యాతి తెచ్చాయి.

ఈ పొరల్లో రెండు ప్రాణులు ప్రత్యేకంగా గమనించదగినవి. నీరు తగ్గినప్పుడు గాలి పీల్చగల చేప ఒకటి, నీటికీ ఒడ్డుకూ మధ్య బతికే మొసలిరూపి రెండోది. ఊపిరితిత్తుల చేపలు ఇక్కడ అంతరించి నేడు ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియాలలో మాత్రమే మిగిలాయి. వాటితో వంశసంబంధం లేని కొర్రమీను నేడు తెలంగాణ చెరువుల్లో గాలి పీల్చి, బురదలో ఓర్చి, వాన కోసం ఎదురుచూస్తుంది. పారాసూకస్ వంశం ట్రయాసిక్ యుగాంతంలో పోయింది. దానికి వారసుడు కాని మగ్గర్ మొసలి నేడు అదే లోయలో అదే తీరున జీవిస్తున్నది. ఎండకాలం నదిని మడుగులుగా విడగొట్టే లోయలో ఏ కాలంలోనైనా ఇలాంటి జీవనవిధానానికే మనుగడ ఎక్కువ. ఒక వంశం అంతరించినా ఆ పరిస్థితికి తగిన జీవనవిధానం మరొక వంశంలో మళ్ళీ రూపొందింది. అయితే ఆ 'మళ్ళీ'కి పట్టిన కాలం కోట్ల సంవత్సరాలు. పరిణామం నష్టాన్ని పూడ్చగలదన్న ధీమా మానవ చరిత్ర పరిధిలో చెల్లదు.

3. బిల్లసుర్గం సాక్ష్యం

డైనోసార్ల కాలం నుంచి నేటి జంతువుల కాలానికి రావడానికి బొగ్గులోయ శిలలు చాలవు. దానికి దక్షిణాన, నేటి నంద్యాల జిల్లా బేతంచెర్ల సమీపంలోని బిల్లసుర్గం గుహలు ఆ లోటు తీరుస్తాయి. 1884 - 85లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ ఫుట్ ఇక్కడ తవ్వకాలు జరిపి పెద్దసంఖ్యలో జంతువుల ఎముకలు సేకరించారు. నూరేళ్ళు దాటాక అదే చోట ఆధునిక కాలనిర్ణయ పద్ధతులతో మళ్ళీ తవ్వకాలు జరిగాయి. వాటి ఫలితాలు 2014లో అమెరికా జాతీయ విజ్ఞానశాస్త్ర అకాడమీ పత్రికలో వెలువడ్డాయి. గుర్తించిన 21 రకాల క్షీరదాల్లో 20 గత 2 లక్షల ఏళ్ళుగా ఉపఖండంలో కొనసాగుతూ వచ్చాయన్నది ఆ అధ్యయనం సారాంశం. ఆఫ్రికాలోని గెలాడా కోతికి దగ్గరి బంధువైన ఒక్క జాతి మాత్రమే ఇక్కడ పూర్తిగా కనుమరుగైంది.

ఆ 2 లక్షల ఏళ్ళు ప్రశాంతమైనవి కావు. 74,000 ఏళ్ళ క్రితం సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం బద్దలైనప్పుడు వచ్చిన బూడిద కర్నూలు ప్రాంతపు జ్వాలాపురంలో నేటికీ మందపాటి పొరగా ఉంది. సుమారు 20,000 ఏళ్ళ క్రితం హిమయుగం పరాకాష్ఠలో రుతుపవనాలు బలహీనపడ్డాయి. ఆ తరువాత మళ్ళీ బలపడ్డాయి. అడవి పలచబడి గడ్డిమైదానమైంది, గడ్డిమైదానం తిరిగి అడవి అయింది. ఇన్ని మార్పుల మధ్య జంతుజాలం నిలవడానికి పరిశోధకులు చూపిన కారణం ముఖ్యమైనది. ఉపఖండంలో అడవి, పొదలు, గడ్డినేల, కొండ, నీటిపట్టు పక్కపక్కనే కలగలిసి ఉన్నాయి. అవి ఒకదానితో ఒకటి కలిసి ఉన్నాయి. ఒకచోట బతుకు కష్టమైనప్పుడు ప్రాణి పక్కచోటికి జరిగింది. పరిస్థితి మెరుగుపడ్డాక తిరిగి వచ్చింది.

ఈ నిర్ధారణకు ఎదురుసాక్ష్యమూ ఉంది. ఒకప్పుడు భారత ద్వీపకల్ప నదుల్లో నీటిగుర్రాలు ఉండేవి. ప్లీస్టోసీన్ యుగం చివర అవి అంతరించాయి. బలహీనపడిన రుతుపవనాల వల్ల ఏడాది పొడవునా నిలిచే లోతైన నీటిపట్లు తగ్గడం అందుకు ఒక కారణమని 2019లో వచ్చిన ఒక పరిశోధన వాదించింది. అదే నదుల్లోని మగ్గర్ మొసలి మాత్రం మిగిలింది. నీరు తగ్గితే ఒడ్డున బొరియ తవ్వుకొని చల్లదనంలో దాక్కోవడం, మడుగు ఎండితే రాత్రివేళ నేల మీద నడిచి మరో మడుగు చేరడం దానికి తెలుసు. రోజూ నీట మునగక తప్పని భారీ శరీరానికి అంత వెసులుబాటు లేదు. దారి ఉన్నా నడవలేని ప్రాణికి ఆ దారి అక్కరకు రాదు. నడవగల ప్రాణికైనా దారి మిగిలి ఉండాలి.

రామగుండం ప్రాంతపు మేడిపల్లి ఓపెన్‌కాస్ట్ గనిలో స్టెగోడాన్ అనే ప్రాచీన గజజాతి శిలాజాలు బయటపడ్డాయి. సింగరేణి సంస్థ వాటిని తరువాత హైదరాబాదులోని బిర్లా సైన్స్ సెంటరుకు అప్పగించింది. ఏనుగులకు చుట్టమైన ఈ జాతి నేడు ఎక్కడా లేదు. బొగ్గు కోసం తీసిన తవ్వకమే ఈ లోయ ఒకప్పుడు పెద్ద శాకాహారుల నేల అన్న సాక్ష్యాన్ని వెలికితీసింది.

4. లోయలో నూటయాభై ఏళ్ళు

1871లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు సమీపంలో బొగ్గును గుర్తించాడు. 1886లో ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ గనుల హక్కులు పొందింది. 1889లో ఇల్లెందులో ఉత్పత్తి మొదలైంది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1929లో కాజీపేట - బల్లార్షా రైలుమార్గం పూర్తయి మద్రాసు, ఢిల్లీ నగరాలు నేరుగా కలిశాయి. ఆ మార్గం రామగుండం, మంచిర్యాల మధ్య గోదావరిని దాటుతుంది. 1960ల్లో రామగుండం వద్ద గనులు విస్తరించి గోదావరిఖని పట్టణం పెరిగింది. గోదావరి పక్కన ఖని అన్న పేరే ఆ పట్టణపు పుట్టుక చెబుతుంది. 1978 నవంబరు 14న జాతీయ థర్మల్ విద్యుత్ సంస్థ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. 1983లో తొలి యూనిట్ పనిచేయసాగింది. క్రమంగా దాని సామర్థ్యం 2,600 మెగావాట్లకు చేరింది.

భూగర్భ గనుల కాలంలో అడవికి జరిగిన నష్టం కొంతవరకు నేల కిందనే ఉండేది. బాయిల్లో బొగ్గు తీసిన ఖాళీని నింపడానికి గోదావరి ఇసుక వాడారు. ఓపెన్‌కాస్ట్ పద్ధతి విస్తరించాక పరిస్థితి మారింది. బొగ్గు మీదున్న నేలనంతా తొలగించవలసి వచ్చింది. ఆ మట్టి, రాయి గనుల పక్కన కొత్త గుట్టలుగా పేరుకున్నాయి. సింగరేణి సంస్థ ఆ గుట్టలపై మొక్కలు నాటుతూ వచ్చింది. ఆ పచ్చదనం దుమ్మును, కోతను తగ్గిస్తుంది. అయితే నాటిన తోటకూ అడవికీ తేడా ఉంది. వివిధ వయసుల చెట్లు, తొర్రలు, ఇప్ప, తునికి వంటి ఆహారవృక్షాలు, వాగు నీరు కలిసిన ఆవాసం కొద్ది దశాబ్దాల్లో తయారు కాదు.

ఇక్కడ భూస్వరూపానికి సంబంధించిన ఒక అంశం కీలకం. బొగ్గు ఉన్నది భూపగులు లోయలో. గోదావరి, ప్రాణహిత ప్రవహిస్తున్నదీ అదే లోయలో. రైలు, రోడ్డు, విద్యుత్ కేంద్రాలు, ఎత్తిపోతల బరాజులు వెలసినదీ అక్కడే. వేసవిలో నీటి కోసం వన్యప్రాణులు దిగివచ్చేదీ, ఉత్తరాన తాడోబా, తూర్పున ఇంద్రావతి అడవుల నుంచి జంతువులు కదిలేదీ అదే లోయ గుండా. సుమారు 350 కిలోమీటర్ల బొగ్గు విస్తృతి ఒకేచోట పోగుపడిన నిక్షేపం కాదు. అది నదుల వెంట సాగిన పట్టీ. కనుక ఇక్కడ గనుల విస్తరణ అడవిలో ఒక రంధ్రంగా కాక, దారికి అడ్డంగా వేసిన గోడగా పనిచేసింది.

5. కోతి, మొసలి: రెండు వర్తమాన సాక్ష్యాలు

మార్పును తట్టుకునే ప్రాణులు లేవా అంటే ఉన్నాయి. గోదావరి నది చాలాకాలం రెండు కోతి జాతుల మధ్య హద్దుగా ఉండేది. నదికి ఉత్తరాన పొట్టితోక రీసస్ కోతి, దక్షిణాన పొడవుతోక, తలపై టోపీలాంటి వెంట్రుకలు గల బోనెట్ కోతి ఉండేవి. రీసస్ కోతి ఆ హద్దు దాటి దక్షిణానికి విస్తరించి, బోనెట్ కోతి నెలవులను ఆక్రమిస్తున్నదని 2011లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. మనుషుల తిండి తినడం, ఊళ్ళలో ఉండడం, మనుషులే పట్టి దూరప్రాంతాల్లో వదిలిపెట్టడం దానికి కలిసివచ్చాయి. అడవిపంది కూడా ఇటువంటి ప్రాణే. పొలం, తోట, గుట్ట ఏదైనా దానికి ఆవాసమవుతుంది.

ఈ విజయాలను శీతోష్ణస్థితికి వన్యప్రాణులు తట్టుకుంటున్నాయనడానికి రుజువుగా తీసుకోవడం పొరపాటు. ఏదైనా తిని ఎక్కడైనా బతికే కొద్ది జాతులు పెరుగుతూ, ప్రత్యేక ఆవాసం కావలసిన అనేక జాతులు తగ్గినప్పుడు కంటికి కనిపించే జంతువుల సంఖ్య తగ్గకపోవచ్చు, రకాలు మాత్రం తగ్గుతాయి. పంటను కోతులు, పందులు పాడుచేస్తున్నాయన్న రైతు ఫిర్యాదు, అడవిలో అరుదైన జంతువు కనిపించడం లేదన్న పరిశోధకుని ఆందోళన ఒకే పరిణామానికి రెండు ముఖాలు.

రెండో సాక్ష్యం మగ్గర్ మొసలిది. 1975లో దేశవ్యాప్తంగా మొసళ్ళ సంరక్షణ పథకం మొదలైంది. 1978లో మంథని - మంచిర్యాల మధ్య గోదావరి తీరంలో సుమారు 30 చదరపు కిలోమీటర్ల శివారం అభయారణ్యం మగ్గర్ మొసళ్ళ కోసం ఏర్పడింది. బొగ్గు గనులకు కూతవేటు దూరంలో, వేసవిలోనూ నీళ్ళు నిలిచే మడుగులు, ఇసుకతిన్నెలు ఉన్న చోటు అది.

మొసలికి వేడితో ఉన్న సంబంధం కేవలం దప్పికది కాదు. తల్లిమొసలి ఎండకాలం మొదట్లో ఒడ్డున ఇసుకలో గుంత తవ్వి గుడ్లు పెడుతుంది. సుమారు రెండు నెలల్లో, తొలకరికి అటూ ఇటుగా పిల్లలు బయటికొస్తాయి. పిల్ల ఆడదా మగదా అన్నది క్రోమోజోములు కాక గుడ్డు పొదిగిన వేడి నిర్ణయిస్తుంది. చెన్నై సమీపంలోని మద్రాసు క్రొకొడైల్ బ్యాంకులో జరిగి 1989లో ప్రచురితమైన అధ్యయనం ప్రకారం 28 నుంచి 31 డిగ్రీల స్థిర ఉష్ణోగ్రతలో పొదిగిన గుడ్ల నుంచి ఆడపిల్లలే వచ్చాయి. 32.5 డిగ్రీల వద్ద ప్రధానంగా మగపిల్లలు వచ్చాయి. ఆ సరిహద్దులో ఒకటి రెండు డిగ్రీల తేడా ఒక తరం ఆడ, మగ నిష్పత్తిని తలకిందులు చేయగలదు.

అయినా మొసలి నిస్సహాయ కాదు. గుంత లోతు, నీడ, నీటికి దగ్గరితనం, గుడ్లు పెట్టే సమయం ఇవన్నీ గుడ్ల వేడిని మారుస్తాయి. వీటిని ఎంచుకోవడానికి తల్లిమొసలికి తరతరాల ప్రవృత్తి ఉంది. అయితే ఎంచుకోవడానికి ఒడ్డు కావాలి. లోతైన ఇసుక, ఎత్తైన తిన్నె, పక్కన నీడచెట్టు, వేసవిలో స్థిరంగా ఉండే నీటిమట్టం కావాలి. నదీగర్భంలో ఇసుక తరిగితే గూటికి లోతు తగ్గుతుంది. గుడ్లు పొదిగే రోజుల్లో నీటిమట్టం హఠాత్తుగా పెరిగితే గూడు మునుగుతుంది.

ఈ శతాబ్దంలో గోదావరి నీటిమట్టాన్ని నిర్ణయించేది వాన ఒక్కటే కాదు. 20 టీఎంసీల శ్రీపాద ఎల్లంపల్లి జలాశయం రామగుండం ఎగువన ఏర్పడింది. 2019 జూన్ 21న కాళేశ్వరం ఎత్తిపోతల పథకం ప్రారంభమైంది. దాని కింద మేడిగడ్డ, అన్నారం, సుందిళ్ళ బరాజులు వేసవిలో మడుగులుగా విడిపోయే నదిని వరుస జలాశయాలుగా మార్చాయి. 2023 అక్టోబరులో మేడిగడ్డ బరాజు పియర్లు కుంగాయి. తరువాత ఆ బరాజుల్లో నీటినిల్వ నిలిచిపోయి నది మళ్ళీ పాత తీరుకు మళ్ళింది. కొద్ది ఏళ్ళలో మడుగులు జలాశయాలు కావడం, జలాశయాలు మడుగులు కావడం శీతోష్ణస్థితి చేసిన మార్పు కాదు. కానీ వేడెక్కుతున్న కాలంలో ఒడ్డును నమ్ముకొన్న ప్రాణికి ఇవి రెండూ కలిసే అనుభవంలోకి వస్తాయి. ప్రాణి దృష్టిలో వేడి, నీటిమట్టం, ఇసుక వేర్వేరు శాఖల విషయాలు కావు.

6. తిరిగి వస్తున్న పెద్ద జంతువులు

1965లో అభయారణ్యమైన కవ్వాల్ 2012లో పులుల సంరక్షణ కేంద్రమైంది. మహారాష్ట్రలోని తాడోబాలో పెరిగిన పులులు ప్రాణహిత దాటి కాగజ్‌నగర్ అడవుల్లోకి, అక్కడి నుంచి మంచిర్యాల వైపు వస్తున్నాయి. ఇది కొత్త దారి కాదు, పాత దారి ఆనవాలు. అయితే ఆ దారిలో గనులు, రైలుపట్టాలు, పత్తిచేలు, విద్యుత్ తీగలు ఉన్నాయి.

2024 ఏప్రిల్ మొదటివారంలో గడ్చిరోలి వైపు నుంచి ప్రాణహిత దాటి ఒక అడవి ఏనుగు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోకి వచ్చింది. 24 గంటల్లో ఇద్దరు రైతులు దాని దాడిలో ప్రాణాలు కోల్పోయారు. అంతకు మూడేళ్ళ ముందు, 2021లో ఛత్తీస్‌గఢ్ నుంచి గడ్చిరోలిలో ప్రవేశించిన ఏనుగుల గుంపు దాని నేపథ్యం. అడవుల విచ్ఛిత్తి, గనులు, నీటి కొరత కలిసి మధ్యభారతపు ఏనుగులను కొత్త చోట్లకు తరుముతున్నాయి. తరాలుగా ఏనుగును ఎరగని పల్లెకు అది ఒక్కసారిగా ఎదురైంది. ఏనుగు సాంగత్యం తెలిసిన ప్రాంతాల్లో ఉండే జాగ్రత్తలు, హెచ్చరికలు ఇక్కడ లేవు. స్థానచలనం జంతువుకు మనుగడ మార్గం కావచ్చు. అది దారిలోని మనిషికి ప్రాణాపాయం కావడాన్ని సంరక్షణ చర్చ పక్కన పెట్టలేదు.

ఈ ఉద్రిక్తత పరిపాలనలోనూ కనిపించింది. తాడోబాను కవ్వాల్‌తో కలిపే అడవులను కుమురం భీం సంరక్షణ కేంద్రంగా ప్రకటిస్తూ తెలంగాణ ప్రభుత్వం 2025 మే 30న 49వ నంబరు ఉత్తర్వు జారీచేసింది. తమ భూములు, అటవీహక్కులు పోతాయన్న భయంతో ఆదివాసీలు ఆందోళన చేశారు. జూలైలో ప్రభుత్వం ఆ ఉత్తర్వును నిలిపివేసింది. 1940లో జోడేఘాట్‌లో అడవి హక్కుల కోసం నేలకొరిగిన నాయకుని పేరు పెట్టిన కేంద్రాన్ని ఆయన వారసులే ప్రశ్నించడం గమనార్హం. వారి భయానికి చరిత్ర ఉంది. నిజాం కాలపు రిజర్వు అడవుల హద్దులు, తరువాతి గనుల భూసేకరణ రెండూ వారి మీదుగానే సాగాయి. లోయలో బొగ్గు కోసం తెగిన దారిని కొండ మీది గూడేల భూమితో అతికించబోతే ఆ పరిష్కారం న్యాయంగా కనిపించదు. 2006 అటవీహక్కుల చట్టం కింద గ్రామసభ సమ్మతి అందుకే కేవలం లాంఛనం కాదు.

7. వేగం అనే ప్రశ్న

పూర్వం శీతోష్ణస్థితి మారలేదా, ప్రాణులు తట్టుకోలేదా అన్న వాదన తరచు వినిపిస్తుంది. ఈ లోయ సాక్ష్యం దానికి సూటిగా సమాధానమిస్తుంది. మారింది, చాలా ప్రాణులు తట్టుకున్నాయి. అయితే గత హిమయుగపు పరాకాష్ఠ తరువాత భూమి సగటు ఉష్ణోగ్రత సుమారు 5 డిగ్రీలు పెరగడానికి వేల ఏళ్ళు పట్టింది. ప్రస్తుత పెరుగుదల దశాబ్దాల లెక్కలో సాగుతున్నది. మగ్గర్ మొసలి పిల్లలు పెట్టే వయసుకు రావడానికే ఏళ్ళు పడుతుంది. దాని ఒక్కో తరం గడిచేలోపే నది తీరు ఒకటికి రెండుసార్లు మారుతున్నది.

రెండో తేడా నేలది. బిల్లసుర్గం జంతువులకు వెనక్కి తగ్గడానికి పక్కనే మరో ఆవాసం ఉండేది. నేటి జంతువుకు పక్కన ఉన్నది గని, పొలం, పట్టణం లేదా కంచె. శీతోష్ణస్థితి ఒక్కటే మారి నేల మారకుండా ఉంటే పాత అనుభవం కొంత ధీమా ఇచ్చేది. రెండూ ఒకేసారి మారడం గత 2 లక్షల ఏళ్ళలో ఈ ప్రాణులకు ఎదురుకాని పరిస్థితి.

అటవీశాఖ వేసవిలో అడవుల్లో సాసర్ పిట్లు నింపడం, సౌరపంపులతో నీటిగుంటలు ఏర్పాటుచేయడం తక్షణావసరాన్ని తీరుస్తాయి. వాటితో ఒక ఎండకాలం గడుస్తుంది. అవి ఆవాసాల మధ్య తెగిన సంబంధాన్ని కలపలేవు. నీరు ఒకేచోట దొరికితే జంతువులు అక్కడే గుమిగూడతాయి. వేటగాడికీ, వ్యాధికీ అదే అనువైన చోటవుతుంది.

8. ముగింపు

రామగుండం బొగ్గులోయలో శీతోష్ణస్థితి, వన్యప్రాణుల చరిత్ర మూడు అంచెల్లో కనిపిస్తుంది. మంచు నుంచి చిత్తడి అడవికి, అక్కడి నుంచి ఎర్రనేలకు మారిన శిలాకాలం మొదటిది. అందులో వంశాలే మారిపోయాయి. ఆవాసాల మధ్య కదలికతో దక్కను జంతుజాలం నిలిచిన గత 2 లక్షల ఏళ్ళు రెండోది. బొగ్గు, రైలు, విద్యుత్తు, బరాజులు అదే లోయలో పేరుకొని కదలికను అడ్డుకొన్న నూటయాభై ఏళ్ళు మూడోది. మొదటి అంచె బొగ్గును ఇచ్చింది. మూడో అంచె దాన్ని కాల్చి రెండో అంచె జంతువులకు మిగిలిన వెసులుబాటును తగ్గించింది.

ఈ పరిశీలన నుంచి తేలే విషయం ఒకటే. అనుకూలత ప్రాణికి మాత్రమే సంబంధించిన గుణం కాదు, ప్రాణికీ నేలకూ మధ్య ఉండే సంబంధం. మొసలికి బొరియ తవ్వే ప్రవృత్తి నేటికీ ఉంది, ఒడ్డు ఉందా అన్నది ప్రశ్న. పులికి, ఏనుగుకు నది దాటే శక్తి నేటికీ ఉంది, దాటిన తరువాత చోటు ఉందా అన్నది ప్రశ్న. ఆ చోటు ఎవరి భూమి నుంచి వస్తుందన్నది మరింత కఠినమైన ప్రశ్న.

దీనికి సమాధానం వెదకడంలో గనుల భవిష్యత్తుకు ప్రత్యేకస్థానం ఉంది. బొగ్గు అయిపోయిన ఓపెన్‌కాస్టులు, మట్టిగుట్టలు, నీరు నిండిన గోతులు ఈ లోయలో ఏటేటా పెరుగుతాయి. వాటిని ఒక్కొక్క గని లెక్కన పచ్చబరిస్తే విడివిడి తోటలు మిగులుతాయి. వాగుల వెంట, నది వెంట, అడవి అంచుతో కలిసేలా లోయ మొత్తాన్ని ఒకటిగా చూసి పునరుద్ధరిస్తే తెగిన దారిలో కొంత భాగం ఆదివాసుల భూమి అడగకుండానే తిరిగి దొరుకుతుంది. దారిని తెంచిన నేలనే దారిగా తిరిగి ఇవ్వగల అవకాశం అది. శివారం మడుగుల్లో మొసలి ఈ వేసవిలోనూ ఒడ్డు వెదుకుతుంది. దానికి దొరికే ఒడ్డు ఎంతన్నది ఇకమీదట లోయలో తీసుకునే నిర్ణయాల మీద ఆధారపడి ఉంది.